చదరంగపు బల్లముందు గుడివాడ బాలిక

మన యిండ్లలో చదరంగము పెద్దలు అరుగుమీద ఆడుకొను ఆట. పిల్లలు ప్రక్కన కూర్చుండి చూడవచ్చును గాని నోరు మెదపరాదు. ఆడపిల్ల యెత్తు చెప్పుటన్నది మాటవరుసకైనను లేదు. కోనేరు హంపి మాత్రము చెప్పినది.

ఆమె 1987 మార్చి 31వ తేదీన కృష్ణా జిల్లా గుడివాడలో జన్మించినది. తండ్రి అశోక్ రసాయనశాస్త్రము బోధించువారు. చదరంగమున చేయి తిరిగినవారు. ఛాంపియన్ అను మాటనుండియే బిడ్డకా పేరు కూర్చిరట. ఆయన ఒకనాడు ఒక ఆటను పరిశీలించుచుండగా చిన్నపిల్ల పావును చూపి యెత్తు సూచించినది. తండ్రి గదమాయింపలేదు. కొంతకాలమునకు ఉద్యోగమునే వదలుకొని, ఆమెకు ఆట నేర్పుటయే పనిగా పెట్టుకొనిరి. నెలజీతముపై నడచు సంసారములకు ఇది ఎంతటి సాహసమో మేము చెప్పనక్కరలేదు.

హంపి 1997లో పదేండ్లలోపు బాలికలలోను, 1998లో పండ్రెండేండ్లలోపువారిలోను, 2000లో పదునాలుగేండ్లలోపువారిలోను ప్రపంచ విజేత అయినది. అయితే ఈ పట్టికకంటె 1999లో అహమ్మదాబాదున జరిగిన ఆసియా పోటీయే మాకు ముఖ్యముగా తోచుచున్నది. అక్కడ పండ్రెండేండ్లలోపు బాలురతో తలపడి ఆమె ప్రథమస్థానము పొందినది.

చదరంగమున కండబలముతో పనిలేదు. ఐనను స్త్రీలకు వేరు పోటీలు, వేరు బిరుదులు కలవు. మహిళా గ్రాండ్‌మాస్టర్ బిరుదునకు గ్రాండ్‌మాస్టర్‌కు వలసినంత ప్రతిభ అక్కరలేదు. ఆ మెట్టుననే నిలిచి చప్పట్లు అందుకొనవచ్చును. గ్రాండ్‌మాస్టర్ కావలెనన్న గట్టి పోటీలలో సాధారణముగా మూడుమారులు నిర్ణీత ఫలితము సాధించి, రేటింగు 2500 అందుకొనవలెను. ఇందు ఆడ, మగ భేదము లేదు. హంపి కోరినది ఈ పెద్ద బిరుదునే. 2002 మే నెలలో బుడాపెస్టు నగరమున దానిని సాధించునాటికి ఆమె వయస్సు 15 సంవత్సరముల 1 నెల 27 దినములు. 1991నుండి స్త్రీలలో అతి పిన్నవయస్సున ఈ బిరుదందిన ఘనత హంగరీ దేశపు జుడిత్ పోల్గార్‌ది. ఆ పోల్గార్ పుట్టిన యూరనే మన గుడివాడ పిల్ల ఆమెను మూడు నెలలతో మించినది! 2008లో చైనా బాలిక హౌ యిఫాన్ ఈ లెక్కను కూడ దాటిపోయినది.

భారతస్త్రీలలో గ్రాండ్‌మాస్టర్ అయిన మొదటిది హంపియే. రెండవవారు గుంటూరునకు చెందిన ద్రోణవల్లి హారిక, 2011లో. ఆడపిల్లకు ఈ ఆట యెందుకని అడుగు బామ్మలు మన వీధులలో ఇంకను ఉన్నారు; వారితో మేము వాదింపము.

బిడ్డతల్లియైన పిదప కూడ హంపి ఆట మానలేదు. 2019లోను, మరల 2024లోను ర్యాపిడ్ ఆటలో మహిళా ప్రపంచ విజేతగా నిలిచినది. 2025 జులైలో జార్జియా దేశపు బాటుమి నగరమున మహిళల ప్రపంచ కప్పు తుదిపోటీ ఇద్దరు భారతీయుల నడుమనే జరిగినది. అందు హంపిని ఓడించినది నాగపూరు యువతి, పందొమ్మిదేండ్ల దివ్య దేశ్‌ముఖ్. ఆ గెలుపుతో ఆమెయు గ్రాండ్‌మాస్టర్ అయినది. బుడాపెస్టున హంపి బిరుదు పొందిననాటికి ఈ దివ్య యింకను పుట్టలేదు.