లిమరిక్ పాడి రైతులు నేర్పే పాఠం

(పాల ఉత్పత్తిదారుల సంఘాల అధ్యక్షులు, కార్యదర్శుల శిక్షణా తరగతిలో ఒక సహకార ఇన్‌స్పెక్టర్ చేసిన ప్రసంగ పాఠం)



పాడి సహకారం అనగానే మనం డెన్మార్క్ పేరు, ఆనంద్ పేరు చెప్పుకుంటాము. ఈ రోజు మన సభల్లో అంతగా వినబడని ఒక ప్రాంతాన్ని గురించి మనవి చేస్తాను. అది ఐర్లండ్ దేశంలోని లిమరిక్ కౌంటీ. కౌంటీ అంటే మన జిల్లా వంటిది.

ఐర్లండ్‌కు నైరుతి భాగంలో ఉన్న ఈ జిల్లా విస్తీర్ణం సుమారు 2,750 చదరపు కిలోమీటర్లు. ఆ దేశంలోకెల్లా పొడవైన షానన్ నది ఉత్తరపు హద్దున పారి సముద్రంలో కలుస్తుంది. ఆగ్నేయాన గాల్టీ కొండలు. తూర్పున సారవంతమైన నేల; దానిని అక్కడివారు బంగారు లోయ అంటారు. ఎండ తీవ్రత లేదు, ఏడాది పొడవునా జల్లు పడుతూనే ఉంటుంది. కనుక గడ్డికి కొదవ లేదు. అక్కడ పాడి అంటే ఆవు పాడే. ఆవులు ఎక్కువగా వసంతకాలంలో ఈనుతాయి, పచ్చిక మీదనే మేస్తాయి. మే, జూన్ నెలల్లో పాలు పొంగి వస్తాయి, చలికాలంలో బాగా తగ్గుతాయి.

నేల మంచిదైనా రైతు బ్రతుకు మాత్రం చాలాకాలం చెడ్డగానే గడిచింది. భూమి జమీందార్లది, రైతు కౌలుదారు. 1845లో బంగాళాదుంప పంటకు తెగులు సోకింది. 1841లో 3,30,000 ఉన్న జిల్లా జనాభా 1851 నాటికి 2,62,000కు పడిపోయింది. కొందరు ఆకలికి, జ్వరాలకు చనిపోయారు, కొందరు ఓడలెక్కి వెళ్ళిపోయారు. 2022 లెక్కల ప్రకారం కూడా అక్కడి జనాభా సుమారు 2,09,000 మాత్రమే. ఆ లోటు ఈనాటికీ పూడలేదు.

ఆ రోజుల్లో వెన్న ఇంట్లోనే చిలికేవారు. ఒక్కొక్క ఇంటి వెన్న ఒక్కొక్క రుచి. 1878లో స్వీడన్‌కు చెందిన గుస్తాఫ్ డి లవాల్ మీగడ తీసే యంత్రాన్ని తయారు చేశాడు. డెన్మార్క్ రైతులు 1882 నుండి సంఘాలు పెట్టుకుని, ఆ యంత్రంతో ఒకే నాణ్యతగల వెన్న తీసి ఇంగ్లండ్ బజారును పట్టుకోసాగారు. ఐర్లండ్ వెన్నకు గిరాకీ తగ్గింది. యంత్రం కొనే శక్తి ఒక్క రైతుకు లేదు. ధనవంతులు కొని క్రీమరీలు పెడితే, పాల ధర చెప్పేది వారే అవుతారు.

సర్ హొరేస్ ప్లంకెట్ అనే పెద్దమనిషి ఈ సంగతి గ్రహించారు. రైతులే వాటాలు వేసుకుని క్రీమరీకి సొంతదారులు కావాలని ఆయన ప్రచారం. 1889లో ఈ జిల్లాలోని డ్రొమ్‌కొలాగర్ గ్రామంలో ఐర్లండ్ దేశపు మొదటి సహకార క్రీమరీ వెలిసింది. అయితే ఇతర గ్రామాలు వెంటనే ముందుకు రాలేదు. ప్లంకెట్ జమీందారీ కుటుంబీకుడు, రాజకీయంగా బ్రిటన్ పక్షం. రైతులు స్వపరిపాలన పక్షం. ఒక్క సంఘమైనా కుదరకుండా 50 సభలు గడిచినట్లు ఆయనే తన డైరీ ఆధారంగా రాశారు.

రాత్‌కీల్ అనే ఊరి సభలో జరిగినది మనకు ముఖ్యం. ప్లంకెట్ సహచరుడు ఆండర్సన్ అక్కడి రైతులకు లెక్కలన్నీ వివరించారు. అంతలో ఊరి వకీలు లేచి, ఇది జాతీయవాదుల ఊరు, ఇక్కడ వెన్న తీస్తే జాతీయవాద సూత్రాల మీదనే తీయాలి, లేకపోతే అసలు తీయనక్కరలేదు అన్నాడట. జనం చప్పట్లు కొట్టారు, సభ ముగిసింది. వెన్నకు పార్టీ ఏమిటని ఆ వేళ అడిగినవారు లేరు.

అయినా ప్రచారం ఆగలేదు. 1894లో సంఘాలన్నిటికీ ఒక కేంద్ర సంస్థ ఏర్పడింది. 1914 నాటికి దేశంలో అన్ని రకాల సహకార సంఘాలు కలిపి దాదాపు వెయ్యి అయ్యాయి. ఉదయమే గాడిద బండ్ల మీద, గుర్రపు బండ్ల మీద పాలు క్రీమరీకి వచ్చేవి. తూకం వేసి, మీగడ తీసుకుని, మిగిలిన వెన్న తీసిన పాలు రైతుకే తిరిగి ఇచ్చేవారు; అవి దూడలకు, పందులకు మేపు. బండ్ల వరుసలో నిలబడి ఊరి కబుర్లు, ధరవరలు మాట్లాడుకునేవారు.

ఒక్క విషయం సోదరీమణులకు ప్రత్యేకించి చెప్పాలి. ఇంట్లో వెన్న చిలికిన కాలంలో ఆ డబ్బు తరచు ఇల్లాలి చేతిలో ఉండేది. క్రీమరీ వచ్చాక చాకిరీ తగ్గింది, నిజమే. కాని సభ్యత్వమూ, పాల డబ్బూ సాధారణంగా మగవారి పరమయ్యాయి. పాలు పితికే చేయి పుస్తకంలో పేరు లేకుండా పోకూడదు.

1920లో స్వాతంత్ర్య పోరాట సమయాన బ్రిటిష్ బలగాలు దేశంలో 40కి పైగా సహకార క్రీమరీలను ధ్వంసం చేశాయి. ఊరిని శిక్షించాలంటే క్రీమరీని కాల్చితే చాలునని వారికి తెలుసు. 1927లో స్వతంత్ర ప్రభుత్వం ఒక సంస్థను నెలకొల్పి, చితికిపోతున్న ప్రైవేటు క్రీమరీలను కొనిపించి, సంఘాలకు అప్పగించే ఏర్పాటు చేసింది. తరువాత చిన్న సంఘాలు కలిసి పెద్దవయ్యాయి. ట్యాంకరు ఇంటి ముంగిటికే రావడంతో ఊరి క్రీమరీలు మూతపడ్డాయి. డ్రొమ్‌కొలాగర్ క్రీమరీ నేడు ప్రదర్శనశాల.

పక్కనున్న కెర్రీ జిల్లా సంఘం 1986లో తన వ్యాపారాన్ని షేర్ల మార్కెట్టు కంపెనీగా మార్చింది. లిమరిక్ రైతులు చాలామంది పాలు పోసే గోల్డెన్ వేల్ సంస్థ 2001లో ఆ కంపెనీలో కలిసింది. కంపెనీ పెరిగింది, షేర్ల విలువా పెరిగింది. కాని పాల ధర విషయమై రైతులకూ కంపెనీకీ ఏళ్ళ తరబడి తగాదా నడిచింది. చివరకు 2024 డిసెంబరులో సంఘం వాటాదారులు ఓటు వేసి, ఆ పాల వ్యాపారంలో 70 శాతం వాటాను తమ సంఘం తరఫున కొనడానికి ఆమోదించారు. తమ పెద్దలు కట్టిన ఇంటిని మనవలు వెల ఇచ్చి తిరిగి కొనుక్కున్నట్లయింది.

కనుక మిత్రులారా, పార్టీని గేటు బయట ఉంచండి. మహిళలను సభ్యులుగా చేర్చండి. సంఘం రూపు మార్చే తీర్మానం ఏది వచ్చినా, సర్వసభ్య సమావేశానికి వచ్చి, కాగితం చదివించుకుని, ఆ తరువాతే చెయ్యెత్తండి. పోగొట్టుకున్న యాజమాన్యం ఊరికే తిరిగి రాదు.