దూకే కుక్కపిల్లకు తగిన ఇల్లు

ఈ ఉదయం ఒక కుక్కను గూర్చి మాట్లాడబోతున్నాను. అయ్యగారు వాక్యం విడిచి కుక్కల సంగతి ఎత్తుకున్నారేమిటని రేడియో కట్టేయకండి. సామెతల గ్రంథం 12వ అధ్యాయం 10వ వచనం నీతిమంతుని గూర్చి చెబుతూ అతని పశువు సంగతి కూడా ఎత్తుతుంది గదా.

గత వర్షాకాలంలో ఆటో తగిలి కాలు విరిగిన ఒక వీధికుక్కపిల్లను మా యౌవనస్థులు మందిరం ఆవరణలోకి తెచ్చారు. పశువుల డాక్టరుగారు కట్టు కట్టారు, రేబిస్ టీకా వేశారు, తరువాత పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ కూడా చేశారు. కాలు బాగయింది. బాగయ్యాక గదా అసలు సంగతి! తొమ్మిది నెలల వయసు, ఒళ్ళంతా హుషారు. ఆరాధనకు వచ్చినవారి చెప్పులు జతగా మిగలనిచ్చేది కాదు. మనిషి కనబడితే చాలు, ముందు కాళ్ళెత్తి మీదికి దూకేది.

ఎవరికైనా ఇచ్చేద్దామని నాకు తొందర పుట్టింది. ఆ తొందరలో తప్పు చేశాను. ఒంటరిగా ఉంటున్న ఒక పెద్దమ్మగారు, "నాకు తోడుంటుంది, ఇవ్వండయ్యగారూ" అన్నారు. దయగల తల్లి. ఆమెకు మోకాళ్ళ నొప్పులని నాకు తెలుసు. తెలిసీ ఇచ్చాను. పదకొండవ రోజున ఆమె గుమ్మం దిగుతుంటే అది ఒక్కసారిగా గొలుసు లాగింది. ఆమె పడిపోయారు, మణికట్టు విరిగింది. ఆస్పత్రిలో నన్ను ఒక్క మాట అనలేదు. "దాన్ని కొట్టకండయ్యగారూ" అన్నారు, అంతే. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు.

ప్రియులారా, ఆ కుక్కలో చెడుతనమేమీ లేదు. ఏడాది, రెండేళ్ళ వరకు దానికి పడుచు వయసే. పరుగెత్తనివ్వకపోతే ఆ బలం చెప్పుల మీదికో, తలుపుల మీదికో పోతుంది. దానికి కావలసింది మన జాలి ఒక్కటే కాదు, ఉదయం సాయంత్రం దానితో నడిచే కాళ్ళు.

తరువాత మామిడితోట ఉన్న ఒక సహోదరుడు అడిగాడు. నాలుగెకరాలు! ఎంతో సంతోషించాను. పగలు ఎక్కడుంటుందని అడిగితే, "గేటు దగ్గర కట్టేస్తానండి, కాపలాకి" అన్నాడు. అంటే నాలుగెకరాల్లో దానికి దక్కేది నాలుగు మూరల గొలుసు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టంలో ఇది స్పష్టంగా ఉంది: ఎప్పుడూ కట్టే ఉంచే కుక్కను తిప్పకపోవడం నేరం. ఆ సహోదరుడు కానుకలు ధారాళంగా ఇచ్చే మనిషి. కాదనడం నాకు కష్టమైంది. అయినా కాదన్నాను.

అప్పటినుండి ఎవరడిగినా నేనే ప్రశ్నలు వేశాను. ఇంట్లో పాకే బిడ్డ ఉన్నాడా? అద్దె ఇల్లయితే యజమాని ఒప్పుకున్నాడా? మీరు ఊరెళితే ఎవరు చూస్తారు? కొందరు నొచ్చుకున్నారు.

చివరికి రిటైరైన డ్రిల్లు మాస్టారొకరు వచ్చారు. మందిరానికి వచ్చే మనిషి కారు. మనవాళ్ళకి ఇవ్వకూడదా అని సణిగినవారున్నారు. ఆయన రోజూ ఐదింటికే హైస్కూలు గ్రౌండుకు వెళ్తారు. వెంటనే తీసుకుపోలేదు. నాలుగు రోజులు వచ్చి తిప్పారు. అది మీదికి దూకినప్పుడు తిట్టలేదు, వీపు తిప్పి కదలకుండా నిలబడ్డారు. నాలుగు కాళ్ళూ నేల మీద పెట్టాకే తల నిమిరారు. కుక్కలంటే భయపడే వారి భార్యను కూడా తీసుకొచ్చి చూపించారు.

ఒకే మాట అడిగాను: కుదరకపోతే నా దగ్గరికే తెండి, ఎవరూ తప్పు పట్టరు, రోడ్డు మీద మాత్రం వదలకండి. మొదటి మూడు రోజులు మంచం కింద దూరి సరిగా తినలేదట. కంగారుగా ఫోన్ చేశారు. దగ్గర నీళ్ళు పెట్టి దాని మానాన వదిలేయండి, రేపటికీ తినకపోతే డాక్టరుకు చూపిద్దాం అన్నాను. నాలుగో రోజు తెల్లవారుజామున మాస్టారు బూట్లు తొడుక్కుంటుంటే బయటికొచ్చి తలుపు దగ్గర నిలబడిందట.

పెద్దమ్మగారి చేతికి కట్టు తీసేశారు. ఆదివారం సాయంత్రం ఆమె వాళ్ళింటికి వెళ్తుంటారు. ఆమె కుర్చీలో స్థిరంగా కూర్చున్నాకే మాస్టారు దాన్ని వదులుతారు.