పీచు పదార్థం – పేగుల్లోని సూక్ష్మజీవులు – స్థూలకాయం
(రోగుల బంధువుల కోసం చేసిన ప్రసంగ పాఠం)



ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల చుట్టుపక్కల ఊర్ల నుండి రోగులకు తోడుగా వచ్చినవారు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "మా నాయన రోజూ కడుపునిండా సంగటి తిన్నాడు, డెబ్భై ఏళ్లకూ సన్నగానే ఉన్నాడు. నా కొడుక్కి ముప్పై ఏళ్లకే పొట్ట, షుగరు ఎందుకొచ్చాయి సార్?" జవాబులో కొంత సేద్యం పనిలో, నడకలో ఉంది. మరికొంత పేగుల్లో ఉంది. ఈ రోజు పేగుల సంగతి చెప్పుకుందాం.

గింజలు, కూరగాయలు, పండ్లలో పాలీశాకరైడ్లు అనే పదార్థాలుంటాయి. చక్కెర కణాలు పూసల దండలాగా కలిసి ఏర్పడినవే ఇవి. అన్నంలోని పిండి కూడా అలాంటిదే. కానీ ఆ దండ సులభంగా తెగి, గ్లూకోజుగా మారి రక్తంలో కలుస్తుంది. గోరుచిక్కుడులోని జిగురు, మెంతుల బంక, జామ, చీనీ పండ్లలోని పెక్టిన్, కొర్రలు, రాగుల పైపొరలోని పీచు అలా కాదు. వాటిని తెంచే శక్తి మన జీర్ణరసాలకు లేదు. అరగకుండానే పెద్దపేగుకు చేరతాయి.

అక్కడ లక్షల కోట్ల సూక్ష్మజీవులు కాపురముంటున్నాయి. అవి ఈ పీచులో చాలాభాగాన్ని పులియబెట్టి అసిటేటు, ప్రొపియొనేటు, బ్యుటిరేటు అనే ఆమ్లాలను తయారుచేస్తాయి. బ్యుటిరేటు పెద్దపేగు గోడకు ఆహారం. "ఇక చాలు" అని మెదడుకు తెలిపే హార్మోన్లు విడుదల కావడానికి కూడా ఈ ఆమ్లాలు తోడ్పడతాయి. జిగురు పీచు వల్ల అరుగుదల నిదానమై, భోజనం తర్వాత షుగరు ఒక్కసారిగా పెరగదు.

అమెరికా శాస్త్రజ్ఞులు 2013లో ఒక పరిశోధన ప్రచురించారు. ఒకరు లావు, ఒకరు సన్నగా ఉన్న కవలల పేగు సూక్ష్మజీవులను ఎలుకలకు ఎక్కించారు. లావు మనిషివి పొందిన ఎలుకలకు కొవ్వు ఎక్కువ పెరిగింది. రెండు రకాల ఎలుకలను ఒకే బోనులో ఉంచితే, సన్నని మనిషి సూక్ష్మజీవులు వాటిలోకీ చేరి లావెక్కకుండా కాపాడాయి. అయితే కొవ్వు తక్కువ, పండ్లు, కూరగాయలు ఎక్కువ ఉన్న మేత పెట్టినప్పుడే ఆ మేలు జరిగింది. ఇది ఎలుకల మాట. మనుషుల్లో పీచు ఒక్కదానితోనే బరువు బాగా తగ్గిపోదు. కానీ మంచి సూక్ష్మజీవులు నిలవాలంటే వాటికి తగిన మేత పెట్టాలన్న పాఠం మనకూ వర్తిస్తుంది.

మన సీమలో ఒకప్పుడు జొన్న, కొర్ర, సజ్జ, రాగి ముఖ్య ఆహారం. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చింది. అది ఎందరో పేదల ఆకలి తీర్చింది. దాన్ని తప్పుపట్టడం లేదు. కానీ మూడు పూటలా పాలిష్ బియ్యమే అయ్యేసరికి పీచు తగ్గింది. నూనె, చక్కెర పెరిగాయి. శరీరశ్రమ తగ్గింది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో నూటికి సుమారు 36 మంది స్త్రీలు, 31 మంది పురుషులు అధిక బరువుతో ఉన్నారు.

మరి ఏమి చేయాలి?

1. సంగటిలో బియ్యం తగ్గించి రాగిపిండి పెంచండి. వారంలో కొన్ని పూటలు కొర్రన్నం వండండి.
2. గోరుచిక్కుడు, అనపకాయలు, ఆకుకూరలు అన్నానికి నంజుడుగా కాక, పళ్లెంలో సగభాగం ఉండాలి.
3. చీనీకాయ రసం తీసి చక్కెర కలిపి తాగవద్దు. తొనలు నమిలి తినండి.
4. సాయంత్రం బజ్జీలకు బదులు శనగల, అలసందల గుగ్గిళ్లు తినండి.

పెద్దవారికి రోజుకు కనీసం 400 గ్రాముల కూరగాయలు, పండ్లు, 25 గ్రాముల పీచు అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

కొన్ని జాగ్రత్తలు. పీచును ఒక్కసారిగా పెంచితే కడుపుబ్బరం వస్తుంది. కొద్దికొద్దిగా పెంచుతూ నీళ్లు బాగా తాగండి. ఇసబ్‌గోల్‌ను పొడిగా మింగవద్దు. మూత్రపిండాల జబ్బు, పేగు ఆపరేషన్ అయినవారు డాక్టరును అడిగిన తర్వాతే ఆహారం మార్చాలి. షుగరు మాత్రలు సొంతంగా ఆపవద్దు.

చివరగా ఒక మాట. ఇంటికి వెళ్లాక రోగికి వేరే వంట, మిగతావారికి పాత వంట చేస్తాం. కొన్నేళ్లకు ఆ పాత వంట తిన్న కొడుకో కూతురో ఇదే వార్డుకు వస్తారు. రోగి మంచం పక్కన కూర్చున్న మీరు ఇంకా జబ్బు పడలేదు. కాబట్టి ఎక్కువ మేలు పొందగలిగేది మీరే. పథ్యం ఒక్కరికే కాదు, ఇంటిల్లిపాదికీ ఒకే వంట చేసుకోండి.