మూటలో ఏం ఉంచుకుందాం?

(విముక్త జాతుల దినం సభలో యువతకు చేసిన ప్రసంగ పాఠం)

 

అక్కర్లేని సామాను పారేస్తే బతుకు తేలికవుతుందని పట్నాల్లో క్లాసులు పెడుతున్నారట. ఫీజు కూడా ఉందట! మన తాతలు వింటే నవ్వేవారు. ఉప్పు, ధాన్యం గాడిదల మీద, ఎద్దుల మీద వేసుకుని ఊరూరా అమ్మిన ఎరుకలవాళ్లం మనం. వాటి వీపు మీద ఎంత పడితే అంతే సంసారం. ఏది ఉండాలో, ఏది వదలాలో ప్రతి మజిలీలో తేల్చుకోవాల్సిందే.

రైళ్లు వచ్చాక, ఉప్పు మీద సర్కారు పట్టు బిగిశాక ఆ బేరం దెబ్బతింది. 1911లో నేరస్థ జాతుల చట్టం మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. 1913లో బాపట్ల దగ్గర స్టువర్టుపురం సెటిల్‌మెంటు పెట్టి, దాన్ని నడిపే పని సాల్వేషన్ ఆర్మీకి అప్పగించారు. వేలిముద్రలు, హాజరు, కదలాలంటే అనుమతి. మనం వేసుకోని బరువొకటి అప్పుడు మన మూటలో చేరింది. పుట్టిన బిడ్డ కూడా దొంగే అన్న మాట అది.

మద్రాసులో 1947లో, దేశమంతటా 1952 ఆగస్టు 31న ఆ చట్టం పోయింది. జనం నోట్లో మాట మాత్రం పోలేదు. 1970లలో లవణం, హేమలతా లవణం గార్లు వచ్చి మనవాళ్లను మనుషులుగా చూసి మాట్లాడారు, ఆ మేలు మరవం. కానీ 1991లో మన ఊరి పేరుతో పోలీస్ స్టేషన్ సినిమా వచ్చింది, 2023లో 'టైగర్ నాగేశ్వరరావు' వచ్చింది. ఇవాళ్టికీ ఇంటర్వ్యూలో ఊరేదని అడిగితే మన పిల్లలు "బాపట్ల దగ్గర" అని ఆగిపోతారు.

పారేయాల్సింది ఆ సిగ్గునే. మనం పారేస్తున్నది వేరు. తమిళానికి దగ్గర చుట్టమైన మన భాషను పిల్లల ముందు మాట్లాడటం మానేస్తున్నాం. బుట్ట అల్లే చేతిని నామోషీ అనుకుంటున్నాం. మిరపకోతల్లో సంపాదించిన కూలి డబ్బు ఫోను వాయిదాలకు, పెళ్లి షామియానాలకు పోతోంది. ఏదైనా కొనేముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: ఇది మన అవసరానికా, ఎదుటివాళ్ల కళ్లకా? పెళ్లప్పులు తీర్చలేక పత్తి చేలల్లో ఏళ్లు గడిపిన ఇళ్లు మనకు తెలుసు. ఈ విషయంలో పెద్దలకే ఎక్కువ చెప్పాలి, వాళ్లు ముందు వరసలో కూర్చున్నారు కాబట్టి ఇంతటితో ఆపుతున్నాం.

సోది సంగతి అడుగుతారు. చదువుకున్న పిల్లలకు అది మూఢనమ్మకం. సరే, నమ్మొద్దు. కానీ బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఎదురుగా చేట పెట్టుకుని, ఆమె దుఃఖమంతా తొందరపడకుండా విన్న ఓపిక మన అమ్మమ్మలది. జోస్యం వదిలేసినా ఆ ఓపికను ఉంచుకోవచ్చు. నర్సు ఉద్యోగానికో, టీచరు ఉద్యోగానికో వెళ్లే చెల్లెళ్లకు అంతకు మించిన పెట్టుబడి ఏముంది?

బుట్టదీ అంతే. అంచు ఎంత అందంగా కట్టినా అడుగు వదులైతే సరుకు నిలవదు. ప్లాస్టిక్ తట్టలు వచ్చాక బుట్ట కొనేవాళ్లు తగ్గారు, నిజమే. అందరూ అదే వృత్తిలో ఉండాలని మేము అనం. అడుగు గట్టిగా వేసే అలవాటు మాత్రం ఏ ఉద్యోగానికైనా పనికొస్తుంది.

భోజనాలయ్యాక వెనక షెడ్డులో అమ్మమ్మలు అల్లడానికి కూర్చుంటారు. కత్తులు, వెదురు బద్దలు అక్కడే ఉన్నాయి. వాళ్లతో మన భాషలోనే మాట్లాడండి, తప్పులొస్తే నవ్వుతారు, నవ్వనివ్వండి. బద్ద అంచు చెయ్యి కోస్తుంది, ముందు కాసేపు చూసి ఆ తర్వాత పట్టుకోండి.