బోరు అడుగున యూరియా బస్తాలు

(తిరువూరులో రైతులు, ప్లాట్లు కొన్నవారి ముందు చేసిన ప్రసంగ పాఠం)



నీళ్ల మాట ఎత్తితే మనకు ముందు వాటాలే గుర్తుకొస్తయి. కృష్ణలో ఎవరికి ఎన్ని టీఎంసీలు, ఏ కాల్వకు ఎన్ని క్యూసెక్కులు? ఆ కొట్లాట న్యాయమైనదే. కాని మన కాళ్ల కింది నీళ్ల మంచిచెడ్డల మీద ఆ వాటాలు తేల్చే ట్రిబ్యునల్ తీర్పు చెప్పదు. అప్పటిదాకా జిల్లాల హద్దుగా ఉన్న గీత 2014 జూన్ 2న రాష్ట్రాల హద్దయింది. తిరువూరు ఇవతల, ఖమ్మం జిల్లా అవతల. భూమి లోపలి నీళ్లకు మాత్రం ఆ గీత కనపడదు. అందుకే ఈ లెక్క ఇక్కడ చెప్పుకుంటున్నం, అవతలి పల్లెల్లోనూ చెప్పుకోవాలె.

మామిడి తోటలు వెంచర్లయితున్నయి. కాగితం మీద రోడ్లు, కరెంటు స్తంభాలు, ప్రహరీ గోడ అన్నీ ఉంటయి. మరుగుదొడ్డి నీళ్లు ఎటు పోతయని అడిగితే ‘ఎవరి సెప్టిక్ ట్యాంకు వాళ్లదే’ అంటరు. ట్యాంకు ఎవరిది వాళ్లదే కావచ్చు. దాని కింది నీళ్లు అందరివీ.

సెప్టిక్ ట్యాంకు చేసే పని ఏంది? మడ్డిని అడుగున పట్టి ఉంచుతది, పైనీళ్లను బయటికి వదులుతది. మూత్రంలోని నత్రజని ఆ నీళ్లతోనే పోయి ఇంకుడు గుంతలో పడుతది. గాలి తగిలే నేలలో సూక్ష్మజీవులు దాన్ని నైట్రేట్‌గా మారుస్తయి. మట్టి క్రిములను వడకట్టగలదు. నైట్రేట్‌ను పట్టి ఉంచలేదు. అది వాన నీటితో పాటు నేరుగా దిగిపోతది.

ఇప్పుడు లెక్క చేద్దాం. ఏడో తరగతి పిల్లవాడు చేయగలిగిన లెక్క ఇది. ఎకరం అంటే 4,840 గజాలు. రోడ్లకూ ఖాళీ జాగాకూ 40 శాతం తీసేస్తే 200 గజాల ప్లాట్లు 14 వస్తయి. ఇంటికి నలుగురు చొప్పున 56 మంది. మన తిండి తినే మనిషి ఏడాదికి సుమారు 2.7 కిలోల నత్రజని విసర్జిస్తడు. మొత్తం 151 కిలోలు. 45 కిలోల యూరియా బస్తాలో నత్రజని 20 కిలోల పైచిలుకు. అంటే ఎకరంలో ఏటా ఏడు బస్తాల యూరియా! పైన వరి లేదు, మిరప లేదు, దాన్ని తినే వేరే లేదు.

కొంత మడ్డిలో ఉండిపోతది, కొంత గాలిలో కలుస్తది. సగమే కిందికి దిగిందనుకుందాం. 75 కిలోలు. దాన్ని పలచన చేసే నీళ్లెన్ని? ఏడాది వాన 1,000 మిల్లీమీటర్లు అనుకుంటే, ఈ గట్టి రాతి నేలలో ఇంకేది అందులో పదో వంతు. ఎకరానికి 4 లక్షల లీటర్లు. మనిషికి రోజుకు 30 లీటర్ల చొప్పున మరుగుదొడ్డి నీళ్లు మరో 6 లక్షలు. మొత్తం 10 లక్షల లీటర్లు. భాగిస్తే లీటరుకు 75 మిల్లీగ్రాముల నత్రజని. దాన్ని 4.43తో గుణిస్తే నైట్రేట్ వస్తది. దాదాపు 330 మిల్లీగ్రాములు. మన దేశపు తాగునీటి ప్రమాణం 45. ఏడు రెట్లు!

ఇదే లెక్క ఎకరానికి ఒక్క ఇంటికి చేసి చూడండి. 53 వస్తది. ఒక్క ఇంటికే గీత దాటుతున్నం.

ఇది అంచనా మాత్రమే, బోరు నీటి పరీక్ష కాదు. ఎగువ నుంచి వచ్చే ఊట పలచన చేస్తది. గాలి అందని లోతుల్లో కొంత నైట్రేట్ వాయువై పోతది. సిమెంటు పరిచిన జాగాలో వాన ఇంకడం తగ్గి లెక్క ఇంకా పెరగనూ వచ్చు. అయినా ఏడు రెట్లలో సగం తీసేసినా మిగిలేది మూడున్నర రెట్లు.

దాని దెబ్బ ముందు పడేది ఆరు నెలల లోపు పసిబిడ్డ మీద. ఆ నీళ్లతో డబ్బా పాలు కలిపితే రక్తం ప్రాణవాయువును మోయలేదు, బిడ్డ నీలంగా మారుతది. 1945లోనే అమెరికాలోని అయోవా రాష్ట్రంలో బావి నీళ్లు తాగిన పసివాళ్లలో ఈ జబ్బును హంటర్ కోమ్లీ అనే వైద్యుడు గుర్తించిండు. తల్లీ, మరిగిస్తే పోతదనుకోవద్దు. మరిగిస్తే నీళ్లు తగ్గి నైట్రేట్ చిక్కబడుతది.

ఏ.కొండూరు తండాల కిడ్నీ జబ్బు కూడా ఇదేనా అని అడుగుతున్నరు. ఆ జబ్బు కారణాల మీద శాస్త్రవేత్తలు ఇంకా ఒక్క మాట మీదికి రాలేదు. దాన్ని నైట్రేట్‌కు ముడిపెట్టడం తప్పు. భయం మీద ఉద్యమం నిలవదు, లెక్క మీద నిలుస్తది.

బోరుకూ ఇంకుడు గుంతకూ 18 మీటర్ల దూరం ఉండాలని నిబంధన ఉన్నది. అది క్రిముల కోసం పెట్టిన దూరం. నైట్రేట్‌కు 18 మీటర్లూ ఒకటే, 80 మీటర్లూ ఒకటే. 200 గజాల ప్లాటులో ఆ 18 మీటర్లు కూడా ఎక్కడివి?

దోషమంతా మరుగుదొడ్డిదే అని మేం అనడం లేదు. ఆరుబయలుకు తిరిగి పోదామనడం అసలే లేదు. చేనుకు చల్లే ఎరువూ, పశువుల పెంటా కూడా ఈ లెక్కలో ఉన్నయి. కేంద్ర భూగర్భ జల మండలి 2024 నివేదికలో దేశమంతటా తీసిన 15 వేల పైచిలుకు నమూనాల్లో దాదాపు 20 శాతం నైట్రేట్ గీత దాటినయి. కాని ఎరువు చల్లే రైతు పేరు అందరి నోటా ఉంటది. ఎకరానికి 14 గుంతలు తవ్వించినోడి పేరు ఏ నోటా ఉండదు.

కాబట్టి మనం అడగవలసినవి ఇవి. లేఅవుట్‌కు అనుమతి ఇచ్చేముందు ఈ లెక్క కాగితం మీద చూపించాలె. అనుమతికి ముందూ, ఇళ్లు కట్టిన తర్వాత ఏటా వానలకు ముందూ వెనకా, బోర్ల నీళ్లు పరీక్షించి పంచాయతీ గోడ మీద రాయాలె. ఇళ్లు చిక్కగా ఉన్నచోట విడివిడి గుంతలు కాదు, అందరి మురుగునూ ఒకచోట శుద్ధి చేసి చెట్లకు పారించే ఏర్పాటు వెంచర్ వేసినోడే చేయాలె. అక్కడి బోర్లను తాగునీటికి వాడకుండా వేరే నీళ్లు ఇవ్వాలె.

ప్లాటు కొనేముందు గజం ధర అడుగుతరు, దిక్కు అడుగుతరు, వాస్తు అడుగుతరు. ఇకనుంచి ఇదీ అడగండి: నీ ఎకరంలో ఏటా ఎన్ని బస్తాలు దిగుతున్నయి? జవాబు చెప్పనోడికి బయానా ఇవ్వకండి.