మాటలతో గీయించిన జంట ఫోటో

(సంఘం సర్వసభ్య సమావేశంలో యాప్రాల్ సభ్యుడొకరు చేసిన ప్రసంగ పాఠం)



కంప్యూటరు చేత దంపతుల ఫోటో తయారు చేయించడం ఎలాగో నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు ఆదేశించారు. నేనిందులో పండితుణ్ణి కాను. జమాఖర్చుల సెక్షనులో 36 ఏళ్లు పనిచేసి 2004లో రిటైరైనవాణ్ణి. నేను పడ్డ తిప్పలే మీకు మనవి చేస్తాను.

మనమంతా పెన్షను కాగితాలకు భార్యాభర్తల జాయింటు ఫోటో జతపరిచినవాళ్లమే. 1971లో మా పెళ్లికి ఫోటోలు తీస్తానన్న బంధువు కెమెరాలో రీలు సరిగా ఎక్కించలేదు. తరువాత పిల్లలతో కలిసి దిగామే గాని, మేమిద్దరమే దిగింది ఆ జాయింటు ఫోటో ఒక్కటే. అగ్గిపెట్టెంత బొమ్మ. మా శ్రీమతి 2021లో కాలం చేసింది. యాప్రాల్‌లో మేం కట్టుకున్న ఇంటి వరండాలో ఇద్దరం కూర్చున్న ఫోటో ఒకటి గోడ మీద ఉంటే బాగుండునని నా కోరిక.

మా మనవరాలు ఫోనులో కృత్రిమ మేధకు ఆ చిన్న ఫోటో చూపించి, "ప్రాంప్టు రాయండి తాతయ్యా" అంది. ప్రాంప్టు అంటే బ్రహ్మవిద్య కాదు. స్టోర్సుకు మనం రాసిన ఇండెంటు లాంటిదే. వివరం సరిగా లేకపోతే స్టోర్సువారు తమకు తోచింది పంపేవారు కదా! ఇదీ అంతే. కోట్లాది బొమ్మలను, వాటి పక్కన రాసిన మాటలను చూపించి ఆ యంత్రానికి తర్ఫీదు ఇచ్చారు. మనం చెప్పని చోటల్లా అది ఎక్కువసార్లు చూసినదాన్నే వేసేస్తుంది.

నేను "అందమైన వృద్ధ దంపతులు, వరండాలో" అని రాశాను. రాజభవనం లాంటి వరండా, పట్టుచీర, ఒంటినిండా నగలు, తెల్లటి ఛాయ వచ్చాయి. మా మరదలు చూసి, "ఎవరు బావగారూ ఈవిడ?" అంది. తప్పు నా ఇండెంటుదే.

అప్పటినుంచి వివరంగా రాయడం మొదలుపెట్టాను. నేర్చుకున్నవి చెబుతాను. మొదటిది, "అందమైన" వంటి విశేషణాలు మానేసి, కంటికి కనిపించేవే రాయాలి: వయస్సు, ఛాయ, జుట్టు ఎంత నెరిసింది, కళ్లజోడు, బొట్టు. "ముఖం మార్చవద్దు, ముడతలు తీయవద్దు, ఛాయ తెల్లబరచవద్దు" అని విడిగా రాయాలి. రెండవది, ఇద్దరూ ఎలా కూర్చున్నారో, మధ్య ఎంత ఎడం ఉందో, చేతులెక్కడ ఉన్నాయో చెప్పాలి. చెప్పకపోతే సినిమా జంటలా భుజం మీద తల వాల్పిస్తుంది. మూడవది, వెలుగు. "ఉదయపు ఎండ ఎడమ పక్కనుంచి పడుతోంది" అంటే నీడలు కుదురుతాయి, బొమ్మ నిజమనిపిస్తుంది. నాలుగవది, ఒక్కసారికి ఒక్క మార్పే అడగాలి. తెలుగులో చెప్పినా అర్థం చేసుకుంటుంది. వేళ్లు, గాజులు, తాళిబొట్టు మాత్రం పరిశీలించి చూడండి. తప్పులు అక్కడే దొర్లుతాయి.

ఇలా రాస్తుండగా మనవరాలు అడిగింది: "నానమ్మ ముక్కుపుడక ఏ వైపు తాతయ్యా?" చిన్న ఫోటోలో అది కనబడదు. యాభై ఏళ్లు ఎదురుగా కూర్చుని కాఫీ తాగిన మనిషిని. చెప్పలేకపోయాను. మరదలికి ఫోను చేసి కనుక్కోవలసి వచ్చింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదని మీతో చెప్పుకోవడానికి సిగ్గుపడను.

ఫోటోకు మెరుగులు దిద్దడం కొత్తేమీ కాదు. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్‌గారి ఆస్థాన ఛాయాచిత్రకారుడు రాజా దీన్‌దయాళ్‌కు మన సికింద్రాబాదులోనే స్టూడియో ఉండేది. ఆ కాలంలో నలుపు తెలుపు ఫోటోలకు చేత్తో రంగులు వేసేవారు. మన ఇళ్లలోనూ విడివిడి ఫోటోలు కలిపి తల్లిదండ్రుల పటం కట్టించుకున్నాం. అయితే అప్పుడు చేసినవాడికి మన ముఖం తెలుసు. ఈ యంత్రానికి మనం ఎవరో తెలియదు, మనమే చెప్పాలి.

జాగ్రత్తలు కూడా మనవి చేస్తాను. 2025 సెప్టెంబరులో "నానో బనానా" బొమ్మల మోజు దేశమంతా పాకినప్పుడు, నకిలీ వెబ్‌సైట్లకు ఫోటోలు, వివరాలు ఇచ్చి మోసపోవద్దని ఐపీఎస్ అధికారి సజ్జనార్‌గారు హెచ్చరించారు. ఆధారు, పీపీవో, బ్యాంకు పుస్తకం ఫోటోలు ఎక్కడా పెట్టవద్దు. మోసం జరిగితే వెంటనే 1930కి ఫోను చేయండి. ఇలా చేయించిన బొమ్మను ఏ ఆఫీసు కాగితాలకూ జతపరచవద్దు. ఫ్యామిలీ పెన్షనుకు మీరు దిగిన అసలు ఫోటోయే పెట్టాలి. బొమ్మ వెనుక "కంప్యూటరు చేసినది" అని తేదీతో రాయండి. లేకుంటే రేపు మునిమనవలు నిజమనుకుంటారు.

పదిహేడోసారికి నా బొమ్మ కుదిరింది. సిమెంటు గట్టు, వెనుక మల్లెపందిరి, పక్కన చామనఛాయ మనిషి. మరదలు చాలాసేపు చూసి, "అక్కే బావగారూ. కానీ అక్క ఇంత కుదురుగా ఎప్పుడు కూర్చుంది?" అంది. నిజమే, నేను కాఫీ తాగుతుంటే తను సగం లేచే ఉండేది. ఆ సంగతి ప్రాంప్టులో రాయడం నాకు తోచలేదు.

ఆ బొమ్మ నా గదిలో పెట్టుకున్నాను. హాల్లో మాత్రం పెన్షను జాయింటు ఫోటోనే పెద్దది చేయించి తగిలించాను, మసకగా ఉన్నా సరే.

కనుక దంపతులుగా వచ్చినవారందరికీ ఒక్క విన్నపం. ఇంటికి వెళ్లగానే వరండాలో కూర్చుని, పిల్లల చేత ఒక ఫోటో తీయించుకోండి. ప్రాంప్టు అవసరం లేదు. ఒకరినొకరు ఒకసారి పరికించి చూసుకుంటే చాలు.