వ్యాయామ శిక్షక వృత్తి



మన సంఘమిచ్చు విద్యార్థి వేతనములు ఏటేట వైద్య, యంత్ర విద్యలకే చెల్లుచున్నవి. వ్యాయామ శిక్షకుడ నగుదునను బాలుని మనవారు పనిలేనివాడని గేలిసేయుదురు. ఇది తగదని మా మనవి.

వీరఘట్టమున జన్మించిన కోడి రామమూర్తినాయుడుగారి బలమును లోకము స్మరించును. వారు సైదాపేటలో ఒక సంవత్సరము శిక్షణము పొంది, విజయనగరమున వ్యాయామోపాధ్యాయులై యుండిరని మఱచును. 1920లో హారీ బక్ దొరగారు చెన్నపురియందు వై. యం. సి. ఏ. వ్యాయామ కళాశాలను స్థాపించిరి. ఇది చిరకాలముగా శాస్త్రీయముగ నేర్పబడుచున్న విద్య.

నేడు ఒక్కొక్కరికి వేఱువేఱుగా నేర్పు శిక్షకులను జనులు వెదకుచున్నారు. అయినను కండలు చూపుట వేఱు, నేర్పుట వేఱు. మధుమేహము గల వృద్ధునకును, నూతనముగా ప్రసవించిన తల్లికిని, పరుగుపందెగానికిని ఒకే పాఠము చెల్లదు. శిక్షకుడు శరీరశాస్త్రమును ప్రథమచికిత్సను నేర్వవలెను. అనుభవజ్ఞునికడ కొంతకాలము పనిచేయవలెను. ప్రతి శిష్యుని అభివృద్ధిని పుస్తకమున వ్రాసికొనవలెను. రోగము మాట వైద్యునికి విడువవలెను. శీఘ్రముగా కండలు పెంచుటకై స్టెరాయిడు మందుల నిచ్చువాడు శిష్యుని గుండెకే కీడు చేయును.

మొదటి యేండ్లలో రాబడి స్వల్పము. అప్పుచేసి యంత్రములు కొనుటకంటె ముందు విద్యను, మంచిపేరును గడించుట మేలు. ఆ స్వల్పకాలమున ఆదుకొనువారు లేకయే పేదబాలురు వెనుదీయుచున్నారు.

కావున రాబోవు సంవత్సరమునుండి రెండు వేతనములను ఈ విద్యకు ప్రత్యేకింపవలెనని సభవారిని, దాతలను ప్రార్థించుచున్నాము. ఆరోగ్యమును నిలుపు వృత్తి యే వృత్తికిని తీసిపోదు.